మీటకూ నాదానికీ మధ్య: డిజిటల్ కీబోర్డు మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

తీగల పియానోలో మీటకూ తీగకూ ఉన్న సంబంధం కంటికి కనిపిస్తుంది. వేలు మీటను నొక్కితే సుత్తి లేచి తీగను తాకుతుంది, తీగ కంపిస్తుంది. ఏదైనా తేడా వచ్చినప్పుడు మూత ఎత్తి చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. డిజిటల్ కీబోర్డులో ఆ సౌకర్యం లేదు. అక్కడ మీట ఒక స్విచ్ మాత్రమే. తనను ఎవరో నొక్కారనీ, ఎంత వేగంగా నొక్కారనీ ప్రాసెసర్‌కు తెలియజేయడంతో దాని పని ముగుస్తుంది. ఆపైన ప్రాసెసర్ తన మెమరీలో దాచి ఉంచిన శబ్దపు నమూనాను వెలికి తీయడం, దానికి ప్రతిధ్వని వంటి హంగులు చేర్చడం, అంకెల రూపంలో ఉన్నదాన్ని విద్యుత్ సంకేతంగా మార్చడం, యాంప్లిఫయర్ దాని బలం పెంచడం, చివరికి స్పీకరు పలకడం అన్నీ వేర్వేరు అంచెలలో జరుగుతాయి. వాద్యం మొరాయించినప్పుడు ఏ అంచె దగ్గర పని ఆగిందో తేల్చుకోవడమే ముఖ్యమని, అది తేలితే మిగిలిన పని చాలా సందర్భాలలో తేలికేనని నా అభిప్రాయం.

అందుకే "కీబోర్డు పాడైపోయింది" అన్న మాట వల్ల నాకేమీ బోధపడదు. తెలిసినవారెవరైనా ఆ మాటతో వస్తే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే శబ్దం వినిపిస్తోందా అని ముందుగా అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్నతో వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది. హెడ్‌ఫోన్స్‌లో చక్కగా వినిపిస్తూ స్పీకర్లు మాత్రమే మూగబోయి ఉంటే మీటలు, ప్రాసెసర్, శబ్దపు నమూనాలు క్షేమంగా ఉన్నట్టే. లోపం చివరి అంచెలో ఉంది. రెండింటిలోనూ ఏమీ వినిపించకపోతే అక్కడి నుంచి ఒక్కొక్క అంచే వెనక్కి వెళ్ళాలి.

స్పీకర్లు మాత్రమే పలకని సందర్భంలో యాంప్లిఫయర్ కాలిపోయిందని తీర్మానించుకునే ముందు హెడ్‌ఫోన్స్ జాక్‌ను టార్చి వేసి చూడడం మంచిది. ఆ జాక్ లోపల ఒక చిన్న లోహపు రేకు ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పిన్ను లోపలికి వెళ్ళగానే అది పక్కకు జరిగి స్పీకర్ల సంబంధాన్ని తెంచుతుంది. చాలా కీబోర్డులలో జాక్ 6.35 మిల్లీమీటర్ల పెద్ద రకానికి చెందినది, మామూలు హెడ్‌ఫోన్స్ పిన్ను 3.5 మిల్లీమీటర్లది కనుక మధ్యలో ఒక కన్వర్టర్ వాడవలసి వస్తుంది. హెడ్‌ఫోన్స్ లాగేసినప్పుడు ఆ కన్వర్టర్ జాక్‌లోనే ఉండిపోవడం నేను తరచుగా చూసే విషయం. వాద్యానికి సంబంధించినంత వరకు హెడ్‌ఫోన్స్ ఇంకా తగిలించి ఉన్నట్టే, కాబట్టి అది స్పీకర్లకు శబ్దం పంపదు. జాక్ వాద్యం వెనుక భాగంలోనో అడుగు అంచునో ఉంటే ఆ నల్లటి ముక్క ఎవరి కంటా పడదు. కన్వర్టర్ లేకపోయినా స్పీకర్లు పలకకపోతే, రేకు మీద తుప్పు వంటి పొర పేరుకుని ఉండవచ్చు. వాద్యాన్ని ఆపి, పిన్నును కొన్నిసార్లు లోపలికి పెట్టి తీస్తే ఆ పొర కొంత చెదిరి శబ్దం తిరిగి రావచ్చు. అలా వచ్చి, మళ్ళీ పోతూ ఉంటే మాత్రం జాక్‌ను మార్పించవలసిందే.

అసలు వెలగనే వెలగని వాద్యం విషయంలో అనుమానం ముందుగా అడాప్టర్ మీదికి వెళ్ళాలి. అసలు అడాప్టర్ పోయి, ఇంట్లో ఉన్న మరో అడాప్టర్ పిన్ను సరిగ్గా దూరిందన్న ధైర్యంతో దాన్ని తగిలించడం చాలామంది చేసే పని. పిన్ను దూరినంత మాత్రాన సరిపోదు. వోల్టేజీ వాద్యం అడిగినంతే ఉండాలి. ఆంపియర్ల సామర్థ్యం అడిగినంత గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. పిన్ను నడిమి భాగం ధనమో ఋణమో కూడా కుదరాలి. ఈ మూడో విషయాన్ని సాకెట్ పక్కన ఒక చుక్క, దాని చుట్టూ అర్ధవృత్తం, వాటికి కలిపిన ప్లస్, మైనస్ గుర్తులతో చిన్న బొమ్మగా ముద్రిస్తారు. ఆ బొమ్మ అడాప్టర్ మీద ఒక విధంగా, వాద్యం మీద మరొక విధంగా ఉంటే వాటిని కలపకూడదు. ఆంపియర్లు చాలని అడాప్టర్‌తో మరో రకమైన తిప్పలు వస్తాయి: వాద్యం వెలుగుతుంది, మెల్లగా వాయించినంతసేపూ బాగానే ఉంటుంది, వాల్యూమ్ పెంచి రెండు చేతులా గట్టిగా వాయించగానే శబ్దం బొంగురుపోవడమో, వాద్యం ఆగి మళ్ళీ మొదలవడమో జరుగుతుంది. నీరసించిన బ్యాటరీల లక్షణాలూ సరిగ్గా ఇవే. పాత బ్యాటరీలను, కొత్త వాటిని కలిపి వేయకూడదు. నెలల తరబడి వాడని వాద్యంలో బ్యాటరీలను వదిలేయకూడదు. అవి కారి లోపలి స్ప్రింగులను తినేస్తాయి.

కొంతసేపు వాయించకుండా వదిలేస్తే తనంతట తానే ఆగిపోయే వాద్యంలో అసలు లోపమే ఉండకపోవచ్చు. విద్యుత్తు పొదుపు కోసం చాలా వాద్యాలలో ఆ ఏర్పాటు ఉంటుంది. యమహా వాద్యాలు అనేకం 30 నిమిషాల తరువాత ఆగిపోయేలా అమర్చి వస్తాయి. ఆ ఏర్పాటును తీసివేసే విధానం సాధారణంగా వాద్యపు కరదీపికలో ఉంటుంది.

వాద్యం వెలుగుతోంది, శబ్దమూ వస్తోంది, కానీ అది రావలసిన విధంగా రావడం లేదంటే సెట్టింగులను పట్టి చూడాలి. ఈ అంచెలో దొరికే కారణాలు ఎక్కువ, వాటిలో నిజమైన లోపాలు తక్కువ. అన్ని స్వరాలూ ఒకే మేరకు హెచ్చుగానో తగ్గుగానో పలుకుతుంటే ట్రాన్స్‌పోజ్, అంటే మొత్తం శ్రుతిని పైకో కిందికో జరిపే సెట్టింగు, మారి ఉంటుంది. మరొక వాద్యంతో కలిపి వాయించినప్పుడు మాత్రమే తెలిసేటంత సన్నని శ్రుతి తేడా ఉంటే ట్యూనింగ్ 440 హెర్ట్జ్ దగ్గర ఉందా, 442 దగ్గర ఉందా అని చూడాలి. ఎడమవైపు మీటలు పలకకుండా, కుడివైపువి మాత్రమే పలుకుతుంటే ఆటోమేటిక్ సహవాద్యం ఏర్పాటు పనిచేస్తూ ఉండవచ్చు; అప్పుడు ఎడమవైపు మీటలను వాద్యం కార్డులను (కలిపి పలికే స్వరాల గుంపులను) గుర్తించడానికే వాడుకుంటుంది. ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెల్లగా నొక్కినా ఒకే స్థాయిలో శబ్దం వస్తుంటే టచ్ సెట్టింగు ఫిక్స్‌డ్ అన్నచోట ఉండి ఉంటుంది.

ఈ కోవలో నన్ను అన్నిటికన్నా ఆకర్షించేది లోకల్ కంట్రోల్ అనే సెట్టింగు. దాన్ని ఆపివేస్తే మీటలకూ వాద్యంలోని శబ్దయంత్రాంగానికీ మధ్య తీగ తెంచినట్టే అవుతుంది. తెర వెలుగుతుంది, డెమో పాట పెడితే చక్కగా మోగుతుంది, మీటలు నొక్కితే మాత్రం చడీచప్పుడూ ఉండదు. కంప్యూటర్లో సంగీతం రికార్డు చేసేవారికి ఎంతో అవసరమైన ఈ సెట్టింగును, వాయించేవారి ప్రమేయం లేకుండానే కంప్యూటర్ ప్రోగ్రాము ఒక మిడి (వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే ఉమ్మడి భాష) సందేశంతో మార్చగలదు. డెమో మోగి మీటలు మోగకపోతే మరమ్మతుకు తీసుకువెళ్ళే ముందు దీన్ని చూసుకోవాలి.

సెట్టింగుల చిక్కుముడి ఎంతకూ విడిపోకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేయవచ్చు. యమహా వారి అనేక వాద్యాలలో కుడి చివరి తెల్లమీటను నొక్కి పట్టుకుని వాద్యాన్ని ఆన్ చేస్తే అది జరుగుతుంది. ఇతరుల పద్ధతులు వేరు. అయితే రీసెట్‌తో దాచుకున్న శబ్దాల అమరికలు, కొన్ని వాద్యాలలో రికార్డు చేసుకున్న పాటలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి కనుక, వాటిని ముందుగా పెన్‌డ్రైవ్‌లోకో కంప్యూటర్లోకో తీసి పెట్టుకోవాలి.

ఇక ఒకటి రెండు మీటలు మాత్రమే పేచీ పెట్టే సందర్భం. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏళ్ళు గడిచిన దాదాపు ప్రతి కీబోర్డుకూ ఈ గతి పడుతుంది. మీటల కింద మెత్తటి రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. ప్రతి మీటకూ ఆ పట్టీలో చిన్న బుడిపె ఉండి, దాని లోపల రెండు నల్లటి కార్బన్ బిళ్ళలు కొద్దిగా హెచ్చుతగ్గుల ఎత్తులో ఉంటాయి. మీటను నొక్కినప్పుడు ఒక బిళ్ళ ముందు, రెండవది కొన్ని మిల్లీసెకన్ల తరువాత కింది సర్క్యూట్ బోర్డును తాకుతాయి. ఆ రెండు తాకిడుల మధ్య గడిచిన కాలాన్ని బట్టి ప్రాసెసర్ వేగాన్ని లెక్కగడుతుంది. ఎడం తక్కువైతే గట్టిగా నొక్కినట్టు, ఎక్కువైతే మెల్లగా నొక్కినట్టు. ఖరీదైన డిజిటల్ పియానోలలో మూడు స్పర్శలు ఉంటాయి, దానివల్ల మీట పూర్తిగా పైకి లేవకముందే మళ్ళీ అదే స్వరాన్ని పలికించవచ్చు. బిళ్ళకూ బోర్డుకూ మధ్య దుమ్ము, వెంట్రుక, జిడ్డు చేరితే ఈ లెక్క తప్పుతుంది. కొన్ని వాద్యాలలో ఆ స్వరం అసలు పలకదు. మరికొన్నింటిలో ఎంత సుతారంగా నొక్కినా ఆ ఒక్క స్వరం కేకపెట్టినట్టు గరిష్ఠ బలంతో పలుకుతుంది. విన్నవారు అది స్పీకరు దోషమనో, శబ్దపు నమూనా దోషమనో అనుకుంటారు. వాద్యాన్ని కంప్యూటర్‌కు కలిపి, మిడి సందేశాలను చూపించే ఏదైనా ఉచిత ప్రోగ్రామును తెరిస్తే నిజం తేలిపోతుంది: పొరుగు మీటలు నొక్కినదాన్ని బట్టి 40, 63, 88 అంటూ మారే అంకెలు పంపుతుంటే, ఈ మీట ప్రతిసారీ 127 పంపుతుంది. ఆ కొలమానంలో అంతకుమించిన అంకె లేదు.

పాడైన మీటలు ఎక్కడెక్కడ ఉన్నాయన్నది కూడా ఒక ఆధారమే. ఒక్కొక్క మీటకూ విడిగా తీగ లాగరు; వాటిని అడ్డవరుసలు, నిలువువరుసలుగా కట్టి ప్రాసెసర్ వంతులవారీగా తడిమి చూస్తుంది. అందువల్ల పక్కపక్కనే ఉన్న నాలుగైదు మీటలు ఒకేసారి పోయినా, సమానమైన ఎడంతో వాద్యం పొడవునా కొన్ని మీటలు పోయినా దుమ్మును అనుమానించడం కన్నా బోర్డులను కలిపే చదునైన రిబ్బన్ కేబుల్‌నో, సర్క్యూట్‌నో అనుమానించడం సబబు. ఎక్కడో ఒకటి, మరెక్కడో ఒకటి అయితే అది దుమ్మే అయ్యే అవకాశం ఎక్కువ.

దుమ్మే అయితే శుభ్రం చేయడం ఓపిక ఉన్నవారు చేయగలిగిన పనే, వారంటీ ఇంకా ఉంటే మాత్రం చేయకూడని పని. విద్యుత్ తీగ తీసి, బ్యాటరీలు తీసి, వాద్యాన్ని మెత్తటి బట్ట మీద బోర్లించాలి. స్క్రూలు పలు పొడవులలో ఉంటాయి. పొడుగు స్క్రూను పొట్టిదాని చోట బిగిస్తే పైభాగాన పగులు రావచ్చు, కనుక ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకునేలా ప్రతి దశలోనూ ఫోటో తీసుకోవాలి. మూత ఎత్తేటప్పుడు స్పీకరు తీగలు సాగకుండా నెమ్మదిగా ఎత్తాలి. మీటల కింది బోర్డు విడివడ్డాక రబ్బరు పట్టీని కొసల నుంచి మెల్లగా ఎత్తి, బోర్డు మీది నల్లటి స్పర్శాస్థానాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, నూలుపోగులు వదలని బట్టతో తుడవాలి. బిళ్ళలను అంతకన్నా సుతారంగా అద్దినట్టు తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే కార్బన్ పొర లేచిపోతుంది. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రేలు ఇక్కడికి పనికిరావు. అంతా ఆరాక పట్టీని తిరిగి అమర్చేటప్పుడు దాని అడుగున ఉన్న చిన్నచిన్న రబ్బరు ముల్లులు ఒక్కొక్కటీ బోర్డు రంధ్రాలలోకి పూర్తిగా దిగాలి. ఒక్క ముల్లు సగంలో నిలిచినా అక్కడ పట్టీ ఉబ్బుగా ఉండి, ఆ మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పలకడం మొదలుపెడుతుంది. మూత బిగించేయకముందే వాద్యాన్ని సరిచూసుకోవాలనిపించడం సహజం గానీ, తెరిచి ఉన్న సర్క్యూట్‌కు కరెంటు ఇవ్వడం నేను సమర్థించను.

స్వరాలను సాగదీసే సస్టెయిన్ పెడల్ విషయానికి వస్తే, దాని వింత ప్రవర్తనకు కారణం ఒక్కటే: పెడల్ కూడా ఒక స్విచ్, కొన్ని పెడల్‌లలో అది కాలు పెట్టనప్పుడు తెరిచి ఉంటుంది, కొన్నింటిలో మూసి ఉంటుంది. ఒక రకం కోసం తయారైన వాద్యానికి మరో రకం తగిలిస్తే, కాలు తీసినప్పుడు స్వరాలు సాగుతూ, నొక్కినప్పుడు తెగిపోతూ అంతా తలకిందులవుతుంది. చాలా వాద్యాలు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ స్థితిని చూసి అదే విశ్రాంతి స్థితి అని గుర్తు పెట్టుకుంటాయి, కాబట్టి ముందుగా పెడల్ తగిలించి, దాని మీద కాలు లేకుండా ఆన్ చేస్తే సమస్య పోతుంది. కొన్ని పెడల్‌ల అడుగున దీని కోసమే చిన్న స్విచ్ ఉంటుంది. సగం నొక్కితే సగం ప్రభావం చూపే హాఫ్ పెడలింగ్ కావాలంటే వాద్యమూ పెడలూ రెండూ అందుకు అనువైనవి అయి ఉండాలి. ఆన్, ఆఫ్ తప్ప తెలియని చవక పెడల్ నుంచి దాన్ని ఆశించడం వృథా.

పెడల్ నొక్కి ఉంచి పొడవైన స్వరసమూహాలు వాయిస్తుంటే ముందు పలికిన స్వరాలు అకస్మాత్తుగా మాయమవుతున్నాయంటే, అది పాలిఫనీ (వాద్యం ఒకేసారి పలికించగల శబ్దాల సంఖ్య) పరిమితి. 64 పాలిఫనీ అన్నంత మాత్రాన 64 స్వరాలు ఒకేసారి వస్తాయని కాదు. స్టీరియో నమూనా ఒక్కో స్వరానికి రెండు స్థానాలు తీసుకుంటే మిగిలేది 32. పియానో మీద స్ట్రింగ్స్ (వయొలిన్ల వంటి తీగవాద్యాల శబ్దం) కూడా కలిపి వాయిస్తే, అవీ స్టీరియో అయితే, 16. దీన్ని బాగుచేయడం కుదరదు, శబ్దాల కలయికను తగ్గించుకుని వాయించడమే మార్గం.

కంప్యూటర్‌కు కలిపే విషయంలో ముందుగా కేబుల్‌ను అనుమానించాలి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే కేబుల్ సందేశాలను మోయలేదు. వాద్యం వెనుక ఉన్న చదరపు యూఎస్‌బీ రంధ్రం కంప్యూటర్ కోసం, వెడల్పాటిది పెన్‌డ్రైవ్ కోసం. పెన్‌డ్రైవ్‌ను వాద్యం గుర్తించకపోతే దాన్ని వాద్యంలోనే ఫార్మాట్ చేయడం మేలు. మీట ఒక్కసారి నొక్కితే శబ్దం రెండుసార్లు, ఏదో సొరంగంలో పలికినట్టు వినిపిస్తే, వాద్యం తన శబ్దాన్నీ కంప్యూటర్ తిప్పి పంపిన సందేశంతో మరో శబ్దాన్నీ కలిపి పలుకుతోందన్నమాట; పైన చెప్పిన లోకల్ కంట్రోల్‌ను ఆపడం ఇక్కడ మందు.

నొక్కిన కొంతసేపటికి గానీ శబ్దం రాని జాప్యాన్ని చాలామంది మిడి తప్పుగా భావిస్తారు. 1983లో వచ్చిన ఆ ప్రమాణం పాతదే, దాని వేగం సెకనుకు 31,250 బిట్లు మాత్రమే. అయినా ఒక స్వరం సందేశం చేరడానికి పట్టేది దాదాపు ఒక మిల్లీసెకను. జాప్యం కంప్యూటర్ శబ్దాన్ని కాస్త పోగుచేసి పంపే తాత్కాలిక నిల్వలో, అంటే ఆడియో బఫర్‌లో ఉంటుంది. సెకనుకు 44,100 నమూనాల (శబ్దపు కొలతల) చొప్పున 1024 నమూనాల బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు, వేళ్ళకు స్పష్టంగా తెలిసిపోయేటంత. 128 నమూనాలైతే 3 మిల్లీసెకన్ల లోపే. బఫర్ మరీ తగ్గిస్తే కంప్యూటర్ అందుకోలేక చిటపటలు వస్తాయి, కాబట్టి చిటపటలు రాని కనిష్ఠ స్థాయి దగ్గర ఆపాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో వాయించడానికి ప్రయత్నించనే కూడదు. వాటి జాప్యం సాధారణంగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తగిలించినప్పుడు మాత్రమే గుయ్యిమనే రొద వస్తుంటే అది ఎర్త్ తీగల మధ్య ఏర్పడిన వలయం వల్ల. డీఐ బాక్సుతో (శబ్ద సంకేతాన్ని దాటిస్తూ ఎర్త్ సంబంధాన్ని విడదీసే చిన్న పెట్టెతో) దాన్ని తెంచవచ్చు. రొద పోతుందని ఎర్త్ పిన్నును విరిచేయడం ప్రాణం మీదికి తెచ్చే పని.

లోపాలేవీ లేని వాద్యం నుంచి కూడా మనం రాబట్టవలసినంత రాబట్టడం లేదని నాకు అనిపిస్తుంది. కొన్ని చిన్న డిజిటల్ పియానోల స్పీకర్లు అడుగు వైపుకు తిరిగి ఉంటాయి; వాటిని పరుపు మీద పెట్టి వాయిస్తే ఎంత మంచి శబ్దపు నమూనా అయినా దుప్పటి కప్పుకుని పాడినట్టే ఉంటుంది. గట్టి స్టాండు మీద, గోడకు కొంత ఎడంగా పెట్టి వింటే వాద్యమే మారిందా అనిపిస్తుంది. బయటి స్పీకర్లకు కలిపేటప్పుడు వాద్యపు వాల్యూమ్‌ను ముప్పాతిక దగ్గర ఉంచి, మిగతాది అవతల సరిచేసుకుంటే రొద తగ్గుతుంది. ఒకే తీగతో కలపవలసి వస్తే మోనో అని రాసి ఉన్న వైపుకే కలపాలి, లేకుంటే స్టీరియోలో సగమే వినిపిస్తుంది.

ప్రతిధ్వనిని దుకాణంలో పెట్టి ఇచ్చినంత ఎక్కువగా ఉంచుకోవడం నాకు నచ్చదు. అది అందంగా ఉంటుంది గానీ వేళ్ళ మధ్య ఉన్న అసమానతను కప్పిపుచ్చుతుంది. సాధన చేసేటప్పుడు దాదాపు పూర్తిగా తీసివేసి, వినిపించేటప్పుడు కావలసినంత కలుపుకోవడం మేలు. టచ్ సెట్టింగును కూడా ఒకసారి కుదురుగా కూర్చుని ఎంచుకోవాలి: అతి మెల్లని స్వరం నుంచి అతి గట్టి స్వరం దాకా ఒకే మీటను క్రమంగా వాయిస్తూ పోతే, మధ్యలో ఎక్కడా శబ్దం ఒక్కసారిగా ఎగబాకని సెట్టింగు ఏదో అదే మీ చేతికి సరిపోయేది. స్పీకర్ల శబ్దం చాలడం లేదని, మెల్లగా నొక్కినా గట్టిగా పలికే సాఫ్ట్ టచ్‌కు మార్చుకోవడం కన్నా వాల్యూమ్ పెంచుకోవడం నయం.

మీటల తూకం సరిగా లేదేమోనని అనుమానం వచ్చినప్పుడు, మీటలవైపు నుంచి వచ్చే తేడాకూ వేళ్ళవైపు నుంచి వచ్చే తేడాకూ ఉన్న భేదం తెలుసుకోవడానికి మళ్ళీ ఆ మిడి అంకెలే ఉపయోగపడతాయి. ఐదు వేళ్ళతో ఐదు మీటలు సమానంగా వాయిస్తున్నాననుకుంటూ రికార్డు చేసి చూస్తే, నాలుగో వేలి దగ్గర అంకె తగ్గిపోవడం మామూలు. అప్పుడు చేతిని ఒక మీట పక్కకు జరిపి మళ్ళీ వాయించాలి. తగ్గుదల కూడా చేతితోపాటే జరిగితే దానికి సాధన అవసరం. ఆ మీట దగ్గరే నిలిచిపోతే స్క్రూడ్రైవర్ అవసరం.